దావాలో ముందుగా తేల్చదగిన ప్రశ్నలు: విచారణాధికారం, కాలపరిమితి అభ్యంతరాలపై సమగ్ర మార్గదర్శి

ప్రామిసరీ నోటు మీద వేసిన ఒక మామూలు డబ్బు దావాను తీసుకుందాం. నోటు వెనుక అయిదు వేల రూపాయలకు చెల్లు, అంటే బాకీలో అంత కట్టినట్టు రాత, దాని కింద సంతకం ఉన్నాయి. ఆ సంతకం ప్రతివాదిదే అయితే ఆ చెల్లింపుతో కొత్త గడువు మొదలై దావా గడువులోనే పడింది. కాకపోతే దావాకు కాలదోషం పట్టింది. ప్రతివాది న్యాయవాది దావాకు రాతపూర్వక జవాబైన రిటన్ స్టేట్‌మెంట్‌తో పాటు ఒక ఐఏ (దావా నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు) దాఖలు చేసి, మిగతా విషయాల జోలికి పోకుండా ముందు కాలపరిమితి సంగతి తేల్చాలని కోరతారు. కోర్టు ఒప్పుకుంటుంది. చెల్లు తేలాలంటే సంతకం తేలాలి, సంతకం తేలాలంటే నోటు రాసిన లేఖరినీ సాక్షి సంతకం చేసినవారినీ బోనెక్కించాలి. ఏడాదిన్నర గడిచాక చెల్లు నిజమేనని ఉత్తర్వు వస్తుంది, దాని మీద హైకోర్టులో రివిజన్ (పునఃపరిశీలన దరఖాస్తు) పడుతుంది, అది తేలి రికార్డు కింది కోర్టుకు చేరాక అసలు అప్పు విచారణ మొదలవుతుంది. అప్పుడు మళ్లీ అదే లేఖరి, అదే సాక్షి రావాలి. ఆ సాక్షి ఈలోగా కాలం చేసి ఉంటే, ఆ నష్టాన్ని వాదికి ఎవరూ పూడ్చలేరు.

ఇలాంటి దావాలు మన కోర్టుల్లో కొల్లలు. ముందుగా తేల్చవలసిన ప్రశ్నను తేల్చకుండా పదేళ్లు నడిపి, చివరికి ఈ కోర్టుకు అధికారమే లేదని ప్లెయింటు (దావా అర్జీ) చేతికిచ్చి పంపిన దావాలూ ఉన్నాయి. రెండూ కక్షిదారుకు అన్యాయమే. ఈ రెంటి మధ్య దారి చూపే పరీక్ష ఒక్కటే: ఒప్పుకున్న సంగతులు, కాదనని కాగితాలు ముందు పెట్టుకుని, ఒక్క సాక్షినీ పిలవకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలమా? చెప్పగలిగితే దాన్ని ప్రాథమిక వివాదాంశంగా, అంటే కోర్టు తేల్చవలసిన అంశాల్లో మొదటిదిగా, ముందు విచారించవచ్చు. ఒక్క సాక్షి అవసరమైనా దాన్ని మిగతా వివాదాంశాలతో కలిపే విచారించాలి. కింది మెట్లన్నీ ఈ పరీక్షను దావాకు సరిగ్గా వర్తింపజేయడానికే.

చట్టం ఇచ్చిన వెసులుబాటు ఎంత

సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లోని ఆర్డర్ 14 రూల్ 2 ఇక్కడ మూలం. న్యాయాంశాల మీదనే కేసు ముగిసిపోగలదని కోర్టుకు అనిపిస్తే వాటిని ముందుగా విచారించి తీరాలని పాత రూలు చెప్పేది. 1976 నాటి 104వ చట్టం దీన్ని తిరగరాసింది. ఆ సవరణ 1977 ఫిబ్రవరి 1 నుంచి అమలులో ఉంది. ఇప్పుడు సాధారణ సూత్రం ఏమిటంటే, ప్రాథమిక వివాదాంశం మీద కేసు ముగిసే వీలున్నా సరే కోర్టు అన్ని వివాదాంశాల మీదా తీర్పు చెప్పాలి. దీనికి మినహాయింపు ఇరుకైనది. ఆ అంశం కేవలం న్యాయాంశమై ఉండాలి; కేసు మొత్తం గానీ ఒక భాగం గానీ దానితోనే ముగియాలి; అది కోర్టు విచారణాధికారానికి లేదా అమలులో ఉన్న ఏదైనా చట్టం దావాకు విధించిన నిషేధానికి సంబంధించినదై ఉండాలి. ఈ షరతులన్నీ కుదిరినా కోర్టు దాన్ని ముందుగా విచారించవచ్చని మాత్రమే రూలు అంటుంది, విచారించి తీరాలని అనదు. ఐఏ వేసినంత మాత్రాన ముందుగా విచారించమని పట్టుబట్టే హక్కు ప్రతివాదికి లేదన్న సంగతిని జూనియర్ న్యాయవాదులు మొదటే గుర్తుపెట్టుకోవాలి.

కాలపరిమితి ప్రశ్న ఈ మినహాయింపులో ఎంతవరకు ఇముడుతుందన్న దానిపై చాలాకాలం భిన్నాభిప్రాయాలు నడిచాయి. మహారాష్ట్ర ఈ కోడ్‌లో తనకోసం చేర్చుకున్న సెక్షన్ 9ఎ కింద అక్కడ విచారణాధికార అభ్యంతరాన్ని ముందుగానే తేల్చవలసి వచ్చేది. కాలపరిమితి కూడా అందులో భాగమేనా అన్నది వివాదం. 2019 అక్టోబరు 4న నుస్లీ నెవిల్ వాడియా కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని తేల్చింది. సాక్ష్యం అవసరమయ్యే కాలపరిమితి ప్రశ్న న్యాయమూ వాస్తవమూ కలిసిన మిశ్రమ ప్రశ్న అనీ, అలాంటి దాన్ని ప్రాథమిక వివాదాంశంగా తేల్చకూడదనీ, సంగతులు ఒప్పుకున్నవైతే మాత్రం తేల్చవచ్చనీ చెప్పింది. ఆ సెక్షన్ 9ఎ 2018లోనే రద్దయింది గానీ, ఈ తీర్పులోని తర్కం ఆర్డర్ 14 రూల్ 2కూ వర్తిస్తుంది కాబట్టి మన కోర్టుల్లోనూ దాన్నే పట్టుకోవాలి.

మొదటి మెట్టు: మూడు దారుల్లో మీది ఏదో నిర్ణయించుకోండి

దావాను ఆదిలోనే ఆపే దారులు మూడున్నాయి, వాటిని కలగాపులగం చేయడం వల్లనే సగం తప్పులు జరుగుతున్నాయి. ఆర్డర్ 7 రూల్ 10 కింద కోర్టు ప్లెయింటును సరైన కోర్టులో దాఖలు చేసుకోమని తిరిగి ఇస్తుంది. ఆర్డర్ 7 రూల్ 11 కింద ప్లెయింటును తిరస్కరిస్తుంది. వ్యాజ్యకారణం కనబడకపోవడం, విలువ తక్కువ కట్టి సరిచేయకపోవడం, ఏదైనా చట్టం దావాను నిషేధిస్తున్నట్టు ప్లెయింటులోని మాటల నుంచే తేలడం వంటివి అందుకు కారణాలు. మూడోది ఆర్డర్ 14 రూల్ 2 కింద ప్రాథమిక వివాదాంశం.

ఈ దారుల్లో కోర్టు చూడదగిన కాగితాలు వేరువేరు. రూల్ 11 కింద ప్లెయింటునూ, దానితో దాఖలైన పత్రాలనూ మాత్రమే చూడాలి. రిటన్ స్టేట్‌మెంట్‌లో ప్రతివాది ఎంత బలమైన సంగతి చెప్పినా, ఎంత గట్టి దస్తావేజు జతచేసినా, ఆ దశలో దాన్ని తిరగేయకూడదు. ప్రాథమిక వివాదాంశం అలా కాదు. ఇరుపక్షాల ప్లీడింగ్సు (ప్లెయింటు, రిటన్ స్టేట్‌మెంట్), ఒప్పుదలలు, వివాదం లేని పత్రాలు అన్నీ కోర్టు ముందుంటాయి. అందువల్ల మీ అభ్యంతరం ప్లెయింటులోని తేదీల మీదనే నిలబడితే రూల్ 11 దరఖాస్తు వేయండి. మీ రిటన్ స్టేట్‌మెంట్‌లోని ఒక సంగతిని వాది ఒప్పుకున్నందువల్ల నిలబడితే ప్రాథమిక వివాదాంశాన్ని కోరండి. వాది కాదంటున్న సంగతి మీద నిలబడేదైతే ఈ రెండూ వద్దు, ట్రయల్‌కు సిద్ధం కండి.

ఫలితాలూ వేరువేరే. ప్లెయింటు వాపసు ఇవ్వడం డిక్రీ (దావాలో హక్కులను తేల్చే నిర్ణయం) కాదు, దాని మీద ఆర్డర్ 43 రూల్ 1(ఎ) కింద అప్పీలు ఉంటుంది. తిరస్కరణ సెక్షన్ 2(2) ప్రకారం డిక్రీ, దాని మీద మామూలు మొదటి అప్పీలు వేసుకోవాలి. అయినా రూల్ 13 ప్రకారం అదే కారణం మీద, గడువు మిగిలి ఉంటే, వాది కొత్త ప్లెయింటు వేసుకోవచ్చు. ప్రాథమిక వివాదాంశం మీద దావా కొట్టివేయడమూ డిక్రీయే, కాలదోషం మీద అయితే ఆ తలుపు దాదాపు శాశ్వతంగా మూసుకుంటుంది. ప్లెయింటులో కొంత భాగాన్ని తిరస్కరించి మిగతాదాన్ని ఉంచే అధికారం రూల్ 11 ఇవ్వదన్నది కూడా సుప్రీంకోర్టు స్థిరపరచిన మాట.

రెండో మెట్టు: విచారణాధికారంలో లోపం ఏ జాతిదో పోల్చుకోండి

ఈ కోర్టుకు అధికారం లేదు అన్న ఒక్క మాటలో మూడు భిన్నమైన అభ్యంతరాలు దాగి ఉంటాయి.

స్థలపరమైనది మొదటిది. స్థిరాస్తి దావా ఆస్తి ఉన్న చోట వేయాలని సెక్షన్ 16, ఇతర దావాలు ప్రతివాది నివాసం ఉన్న చోట గానీ వ్యాజ్యకారణం పూర్తిగా లేదా కొంత పుట్టిన చోట గానీ వేయాలని సెక్షన్ 20 చెబుతాయి. విలువపరమైనది రెండోది. ఈ రెంటికీ సెక్షన్ 21 ఒక కళ్లెం వేసింది. అభ్యంతరం మొదటి కోర్టులోనే, వీలైనంత తొందరగా, వివాదాంశాలు ఖరారయ్యేలోపు చెప్పి ఉండాలి. అప్పుడు కూడా, దానివల్ల న్యాయానికి భంగం కలిగి ఉంటే తప్ప పై కోర్టు ఆ అభ్యంతరాన్ని వినదు. 1954 నాటి కిరణ్ సింగ్ వర్సెస్ చమన్ పాశ్వాన్ తీర్పులో సుప్రీంకోర్టు, అధికారం లేని కోర్టు ఇచ్చిన డిక్రీ చెల్లనిదేనని చెబుతూనే, విలువ తప్పు కట్టడం వల్ల వచ్చిన లోపం ఆ కోవలోకి రాదనీ, నష్టం చూపనిదే దాన్ని ఎత్తిచూపలేరనీ వివరించింది. కాబట్టి ప్రతివాది న్యాయవాది ఈ రెండు అభ్యంతరాలనూ రిటన్ స్టేట్‌మెంట్‌లో రాయకుండా వివాదాంశాల దశ దాటిస్తే అది కక్షిదారు హక్కును చేజేతులా వదులుకోవడమే.

విషయపరమైనది మూడోది, అన్నిటికన్నా బరువైనది. ఈ తరహా దావాను విచారించే శక్తినే చట్టం ఆ కోర్టుకు ఇవ్వనప్పుడు పక్షాల అంగీకారం దాన్ని పుట్టించలేదు, మౌనం దాన్ని సరిదిద్దలేదు. ఢిల్లీలో దావా వేసి గుడ్‌గావ్‌లోని ప్లాటుకు నిర్దిష్ట అమలు, స్వాధీనం కోరిన హర్షద్ చిమన్‌లాల్ మోదీ కేసులో ప్రతివాదులు తొలుత అధికారాన్ని ఒప్పుకున్నా, ఏళ్లు గడిచాక ప్లెయింటు వాపసు ఇవ్వడం సబబేనని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. స్థిరాస్తి ఎక్కడుందన్న ప్రశ్నను కేవలం స్థలపరమైనదిగా తేలికగా తీసుకోకూడదని ఈ కేసు హెచ్చరిక.

ప్రత్యేక చట్టాలు సివిల్ కోర్టును తప్పించే సందర్భాలు కూడా ఈ మూడో జాతిలోనివే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తరచుగా ఎదురయ్యేది 1987 నాటి దేవాదాయ చట్టం. అందులోని సెక్షన్ 151 సివిల్ దావాలకు అడ్డుగోడ కడుతుంది, సెక్షన్ 87 కొన్ని వివాదాలను ట్రిబ్యునల్‌కు అప్పగిస్తుంది. బ్యాంకు స్వాధీనపు నోటీసుల విషయంలో బ్యాంకుల బాకీ వసూలుకు సంబంధించిన సర్ఫేసీ చట్టంలోని సెక్షన్ 34 అలాంటిదే. ఇక్కడ రెండు జాగ్రత్తలు పాటించాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 9 ప్రకారం సివిల్ కోర్టుకు అధికారం ఉండటమే నియమం, లేకపోవడం మినహాయింపు. అధికారం తొలగిందని తేల్చే ముందు ఆ ప్రత్యేక చట్టం కక్షిదారుకు సరిపడా ఉపశమనం ఇవ్వగల వేదికను ఏర్పరచిందా అన్నది చూడాలని 1968 నాటి ధూలాభాయి తీర్పు నేర్పింది. రెండోది ఆచరణలో మరింత ముఖ్యం. ఆ భూమి దేవాలయానిదేనా, ఆ సంస్థ ధార్మిక సంస్థేనా అన్న దాని మీదనే నిషేధం ఆధారపడి, వాది ఆ సంగతినే కాదంటుంటే, నిషేధం ఉందా లేదా అన్నది ఇక న్యాయాంశం కాదు. అడ్డుగోడ చట్టంలో ఉన్నా, ఈ భూమి గోడకు ఏ వైపున ఉందో సాక్ష్యం చెప్పాలి.

వాణిజ్య దావాలకు ఇంకొక తొలి అడ్డంకి ఉంది. తక్షణ ఉపశమనం కోరనప్పుడు 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టంలోని సెక్షన్ 12ఎ ప్రకారం ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లకుండా వేసిన దావా నిలవదని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ప్లెయింటు చదివితేనే తేలిపోయే అంశం కాబట్టి దీనికి రూల్ 11 చాలు.

మూడో మెట్టు: గడువు లెక్కను కాగితం మీద వేయండి

కాలపరిమితి అభ్యంతరం మీద వాదించే ముందు ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గడులు గీయండి. కాలపరిమితి చట్టంలో వర్తించే ఆర్టికల్, గడువు మొదలయ్యే ఘటన, ఆ ఘటన తేదీ, దావా దాఖలు తేదీ. ప్రతి గడికీ ఎదురుగా, ఇరుపక్షాలూ ఒప్పుకున్నదా, వివాదంలో ఉన్నదా అని రాయండి. రెండో, మూడో గడుల్లో వివాదం అన్న మాట పడిందంటే ఆ ప్రశ్న ముందుగా తేలేది కాదు. చెప్పుకోవడానికి ఇది చిన్న పని, కానీ రివిజన్ దాకా వెళ్లి ఓడిపోయే దరఖాస్తులు చాలావరకు ఈ కాగితం మీదే ఆగిపోతాయి.

గడువు మొదలయ్యే ఘటన ఎలాంటిదో ఆర్టికల్ చదివితేనే తెలుస్తుంది. కోరినప్పుడు ఇవ్వవలసిన ప్రామిసరీ నోటుకు ఆర్టికల్ 35 ప్రకారం నోటు తేదీ నుంచి 3 ఏళ్లు. ఆ తేదీ నోటు మీదే ఉంటుంది కనుక లెక్క తేలిక. అమ్మకపు అగ్రిమెంటు నిర్దిష్ట అమలుకు ఆర్టికల్ 54 రెండు పాయలుగా ఉంది. రిజిస్ట్రేషన్‌కు తేదీ నిర్ణయించుకుని ఉంటే ఆ తేదీ నుంచి 3 ఏళ్లు, నిర్ణయించుకోకపోతే అమ్మేవారు నిరాకరించినట్టు కొనేవారికి తెలిసినప్పటి నుంచి 3 ఏళ్లు. మొదటి పాయలో అగ్రిమెంటు చదివితే చాలు. రెండో పాయలో, నిరాకరణ ఎప్పుడు జరిగింది, ఎవరి ద్వారా తెలిసింది అన్నవి సాక్షులు చెప్పవలసిన సంగతులు. అగ్రిమెంటులో తేదీ ఉన్నా, తరవాత పక్షాలు గడువు పెంచుకున్నారని వాది అంటే మొదటి పాయ కూడా వాస్తవాల చిక్కులో పడుతుంది.

దస్తావేజు రద్దు దావాలకు ఆర్టికల్ 59 ప్రకారం రద్దు కోరే హక్కునిచ్చే సంగతులు వాదికి మొదట తెలిసినప్పటి నుంచి 3 ఏళ్లు. ఫలానా తేదీన ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీయించినప్పుడు ఈ దస్తావేజు సంగతి బయటపడింది అన్న వాక్యం ఇలాంటి ప్లెయింట్లన్నిటిలోనూ ఉంటుంది. ఆ వాక్యం నిజమా కాదా అన్నది సాధారణంగా ట్రయల్‌లోనే తేలాలి. అయితే ప్లెయింటులోని మిగతా పేరాలే దాన్ని కాదంటుంటే, కోర్టు ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోనక్కరలేదు. దహిబెన్ కేసులో 2009లో రిజిస్టరయిన విక్రయ దస్తావేజును 2014లో సవాలు చేశారు; సొమ్ము అందలేదన్న సంగతి మొదటినుంచీ తెలుసని ప్లెయింటే చెబుతున్నందున రూల్ 11 కింద తిరస్కరణ సరైనదేనని 2020లో సుప్రీంకోర్టు అంది. తెలివిగా రాసిన ఒక్క పేరా దావాను బతికించకూడదు, ప్రతివాది చెప్పిన ఒక్క సంగతి దావాను చంపకూడదు. ప్లెయింటును ఆసాంతం చదవడమే దీనికి మార్గం.

హక్కు ప్రకటన దావాల్లో తొందరపాటు ఎక్కువగా కనిపిస్తుంది. ఆర్టికల్ 58 కింద 3 ఏళ్లే కదా అని ప్రతివాది అభ్యంతరం తెస్తారు. కానీ వాది హక్కు ప్రకటనతో పాటు ఆ హక్కు ఆధారంగా స్వాధీనం కూడా కోరినప్పుడు 12 ఏళ్ల ఆర్టికల్ 65 వర్తిస్తుంది. ఆ 12 ఏళ్లు ప్రతివాది స్వాధీనం వాదికి ప్రతికూలంగా మారినప్పటి నుంచి లెక్కకు వస్తాయి. ఎప్పుడు ప్రతికూలమయింది అన్నదాన్ని ఏ కాగితమూ ఒంటరిగా చెప్పదు. భాగపంపిణీ దావాలో వాదిని ఉమ్మడి ఆస్తి నుంచి వెళ్లగొట్టారా, ఎప్పుడు వెళ్లగొట్టారు అన్నదీ అంతే. ఈ రెండు రకాల దావాల్లో కాలపరిమితిని ప్రాథమిక వివాదాంశంగా తీసుకోకపోవడమే మంచిదని నా దృఢాభిప్రాయం.

గడువు ముగిసినట్టు పైకి కనబడినా పొడిగింపు కారణాలు వెతకాలి. కాలపరిమితి చట్టం, 1963లోని సెక్షన్ 18 రాతపూర్వక ఒప్పుదలకూ, సెక్షన్ 19 చెల్లింపుకూ కొత్త గడువు ఇస్తాయి. రెండూ పాత గడువు ముగియకముందే జరగాలి; ఒప్పుదల అయితే ఒప్పుకున్నవారి సంతకం, చెల్లింపు అయితే చెల్లించినవారి దస్తూరీ లేదా సంతకం కాగితం మీద ఉండాలి. సెక్షన్ 5 దావాలకు వర్తించదు, ఆలస్యాన్ని మన్నించమని దావాలో అడగడం కుదరదు. పొడిగింపు కోరే వాది ఆ కారణాన్ని ప్లెయింటులోనే చెప్పాలని ఆర్డర్ 7 రూల్ 6 నిర్దేశిస్తుంది.

ఒక లెక్కను దగ్గరగా చూద్దాం. నోటు తేదీ 10-6-2018, చెల్లులు ఏమీ లేవు. మామూలుగా అయితే 10-6-2021తో గడువు ముగుస్తుంది. కానీ కోవిడ్ సమయంలో సుప్రీంకోర్టు తానుగా చేపట్టిన వ్యవహారంలో 10-1-2022న ఇచ్చిన ఉత్తర్వు 15-3-2020 నుంచి 28-2-2022 వరకు ఉన్న కాలాన్ని లెక్క నుంచి తీసేసింది. 15-3-2020 నాటికి మిగిలి ఉన్న గడువు, ఆ రోజుతో కలిపి, 453 రోజులు. అది 1-3-2022 నుంచి తిరిగి నడిస్తే 27-5-2023న ముగుస్తుంది. ఆ రోజు కోర్టుకు వేసవి సెలవులు అయితే సెక్షన్ 4 ప్రకారం కోర్టు తెరిచిన రోజున వేసినా చాలు. నోటు తేదీకి 3 ఏళ్లు కలిపి దావాకు కాలదోషం పట్టిందని తేల్చేసిన న్యాయవాది ఇక్కడ దాదాపు రెండేళ్లు తప్పు లెక్క వేసినట్టు.

దాఖలు తేదీ విషయంలోనూ పొరపాట్లు జరుగుతాయి. ప్లెయింటు మొదట ఆఫీసులో ఇచ్చినప్పుడు ఎస్ఆర్ (తాత్కాలిక దాఖలు) నంబరు పడుతుంది, ఆఫీసు అభ్యంతరాలతో రిటర్న్ అవుతుంది, సరిచేసి మళ్లీ సమర్పిస్తారు, చివరికి ఓఎస్ (అసలు దావా) నంబరు పడుతుంది. సెక్షన్ 3 ప్రకారం సరైన అధికారికి ప్లెయింటు సమర్పించిన రోజే దావా వేసిన రోజు. కనుక మొదటి పేజీ మీద ఓఎస్ నంబరు పడిన తేదీ కాకుండా, మొదటి దాఖలు ముద్ర తేదీ చూడాలి. మళ్లీ సమర్పించడంలో జాప్యం జరిగి ఉంటే దాన్ని కోర్టు మన్నించిందా అన్నదీ రోజువారీ ఉత్తర్వులు నమోదయ్యే డాకెట్‌లో చూడాలి.

నాలుగో మెట్టు: అభ్యంతరాన్ని రాసే తీరు

దావా నిలవదని చూపే ప్రతి సంగతినీ, కాలపరిమితితో సహా, రిటన్ స్టేట్‌మెంట్‌లో విడిగా చెప్పాలని ఆర్డర్ 8 రూల్ 2 అంటోంది. ప్రతివాది చెప్పకపోయినా కాలదోషం పట్టిన దావాను కొట్టివేయవలసిన బాధ్యతను కాలపరిమితి చట్టం సెక్షన్ 3 కోర్టు మీదే పెట్టింది, నిజమే. కానీ ఆ ధీమాతో అభ్యంతరం రాయకుండా వదిలేసినవారు, వాస్తవాలతో ముడిపడిన కాలపరిమితి వాదనను అప్పీలులో మొదటిసారి లేవనెత్తి నెగ్గడం కష్టం. దావా నిలవదు, కాలదోషం పట్టింది, ఈ కోర్టుకు అధికారం లేదు అని మూడు ముక్కల్లో రాసే అలవాటు మానాలి. ఏ ఆర్టికల్, ఏ తేదీ, ఏ సెక్షన్ అన్నవి రాయాలి.

వివాదాంశాన్ని కూడా అంత నిర్దిష్టంగానే కట్టించాలి. దావా కాలపరిమితికి లోబడి ఉందా అన్న మాటలు పనికిరావు. ఇలా ఉండాలి: "అమ్మకపు అగ్రిమెంటు 7వ క్లాజులో రిజిస్ట్రేషన్‌కు నిర్ణయించిన తేదీ నుంచి 3 ఏళ్లు గడిచాక దాఖలైన ఈ దావాను ఆర్టికల్ 54 మొదటి పాయ నిషేధిస్తుందా?" ఇలా రాస్తే అది న్యాయాంశమో కాదో చదివిన వెంటనే తెలిసిపోతుంది. ఇంత నిర్దిష్టంగా రాయలేకపోతే ఆ అంశం ఇంకా ముందుగా తేల్చడానికి పక్వం కాలేదని అనుకోవచ్చు.

విలువ, కోర్టు ఫీజు అభ్యంతరాలది మాత్రం వేరే దారి. మన 1956 నాటి కోర్టు ఫీజులు, దావాల విలువ చట్టం ప్రకారం వాటిని అసలు విషయం మీద సాక్ష్యం నమోదు కాకముందే విని తేల్చాలి.

అయిదో మెట్టు: న్యాయమూర్తి వడపోత

ప్రాథమిక వివాదాంశం కోరిన దరఖాస్తు ముందుకు వచ్చినప్పుడు న్యాయమూర్తి తక్షణమే వాదనలకు వాయిదా వేయనక్కరలేదు. ఆర్డర్ 10 రూల్ 1 కింద, ఎదుటివారు చెప్పిన సంగతుల్లో ఏవి ఒప్పుకుంటారు, ఏవి కాదంటారు అని ఇరుపక్షాలనూ అడిగి నమోదు చేయాలి. మన కోర్టుల్లో ఈ రూలును వాడటం అరుదు, అది విచారకరమైన సంగతి. అరగంటలో ముగిసే ఆ ప్రశ్నలతో తేదీల మీద వివాదం ఉందో లేదో స్పష్టమవుతుంది. చెల్లు మీది సంతకం నాదే అని ప్రతివాది ఒప్పుకుంటే కాలపరిమితి వాదన అక్కడికక్కడే ముగుస్తుంది. కాదంటే దాన్ని ట్రయల్‌కు వదలాలని తేలుతుంది.

అప్పుడు న్యాయమూర్తి తనను తాను మరొక ప్రశ్న వేసుకోవాలి. ఈ అంశం ప్రతివాదికి అనుకూలంగా తేలితే దావా ముగుస్తుందా? నలుగురు ప్రతివాదుల్లో ఒకరి మీద మాత్రమే, లేదా మూడు కోరికల్లో ఒకదాని మీద మాత్రమే గడువు దాటి ఉంటే, దాన్ని ముందు విచారించి సాధించేది తక్కువ. మిగతా భాగానికి ఎలాగూ అవే సాక్షులు రావాలి. కేసులో ఒక భాగాన్ని ముగించే అధికారం రూలులో ఉన్నా, అలాంటి చోట్ల దాన్ని వాడకపోవడం మేలు.

ఆరో మెట్టు: వరస తప్పని ఉత్తర్వు

రెండు అభ్యంతరాలూ ఉన్నప్పుడు విచారణాధికారం ముందు, కాలపరిమితి తరవాత. అధికారం లేదని తేల్చిన కోర్టు అదే ఉత్తర్వులో కాలదోషం గురించి, హక్కు గురించి మాట్లాడకూడదు. ఆ మాటలకు విలువ ఉండదు సరికదా, తరవాత సరైన కోర్టులో వాదిని వెంటాడతాయి. దావాను కొట్టివేయడమూ తప్పే. స్థలపరమైన, విలువపరమైన లోపాలకు సరైన ఉత్తర్వు ప్లెయింటు వాపసు.

వాపసు ఇచ్చే ముందు ఆర్డర్ 7 రూల్ 10ఎ ప్రకారం వాదికి తెలియజేయాలి. ఏ కోర్టులో దాఖలు చేయదలచుకున్నారో చెప్పి, అక్కడ హాజరు తేదీ నిర్ణయించమని వాది దరఖాస్తు పెట్టుకుంటే ప్రతివాదికి మళ్లీ సమన్లు పంపే అవసరం తప్పుతుంది. సమన్లు అందించడానికే ఏళ్లు పట్టే చోట ఈ చిన్న దరఖాస్తు వాదికి పెద్ద మేలు. సరైన కోర్టులో దావా మొదటినుంచి నడుస్తుంది, పాత సాక్ష్యం దానంతటదే అక్కడికి రాదు. తప్పు కోర్టులో గడిచిన కాలాన్ని కాలపరిమితి చట్టం సెక్షన్ 14 కింద మినహాయించుకోవచ్చు, కానీ సద్భావంతో, తగిన శ్రద్ధతో నడిపినట్టు వాది చూపాలి. పాత దావా వేసిన రోజు, అది ముగిసిన రోజు రెండూ మినహాయింపు లెక్కలోకి వస్తాయి. అధికారం మీద ప్రతివాది మొదటి వాయిదాలోనే స్పష్టమైన అభ్యంతరం చెప్పినా పట్టించుకోకుండా ఏళ్ల తరబడి అక్కడే నడిపినవారికి ఆ శ్రద్ధను రుజువు చేయడం తేలిక కాదు.

ఉత్తర్వులో ముందుగా, ఏ సంగతులు ఒప్పుకున్నవిగా తీసుకున్నారో, ఒప్పుదల ప్లీడింగ్సులో ఏ పేరాలో ఉందో రాయాలి. పై కోర్టు మొదట వెతికేది అదే. వర్తించే ఆర్టికల్ లేదా సెక్షన్, లెక్క, ముగింపు ఆ తరవాత రావాలి. అభ్యంతరం నిలవకపోతే, వాస్తవ వివాదం ఉన్నందున ఈ అంశాన్ని మిగతావాటితో కలిపి విచారిస్తామని చెప్పి ఊరుకోవాలి. దావా గడువులోనే ఉంది అని ఖాయంగా రాసేస్తే ట్రయల్‌లో ఆ అంశం మీద ప్రతివాది నోరు కట్టేసినట్టవుతుంది.

ఏడో మెట్టు: ఉత్తర్వు వచ్చాక

ప్రాథమిక వివాదాంశం ప్రతివాదికి వ్యతిరేకంగా తేలితే అప్పీలు లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 115 కింద రివిజన్‌కు, ఆ ఉత్తర్వు తనకు అనుకూలంగా వచ్చి ఉంటే దావా పూర్తిగా ముగిసేది అని దరఖాస్తుదారు చూపగలగాలి. రివిజన్ వేయకపోయినా నష్టం లేదు. చివరి డిక్రీ మీద అప్పీలు వేసినప్పుడు సెక్షన్ 105 కింద ఆ ఉత్తర్వులోని తప్పును ఎత్తిచూపవచ్చు.

కలిపి విచారించిన దావాలో తీర్పు రాసేటప్పుడు న్యాయమూర్తి కాలదోషం పట్టిందని నమ్మినా సరే మిగతా వివాదాంశాల మీద కూడా నిర్ణయం రాయాలి. లేకపోతే కాలపరిమితి మీద పై కోర్టు వేరుగా చూసిన రోజున దావా రిమాండై (కింది కోర్టుకు తిరిగొచ్చి) మళ్లీ మొదటికి వస్తుంది.

రివిజన్ వేసినంత మాత్రాన కింది కోర్టులో దావా ఆగదు, సెక్షన్ 115(3) ఆ మాట స్పష్టంగా చెబుతోంది. స్టే ఉత్తర్వు చేతికి వచ్చేదాకా వాది తరఫు న్యాయవాది చేయవలసిన పని, తరవాతి వాయిదాకు చీఫ్ అఫిడవిట్ (సాక్షి వాంగ్మూలపు ప్రమాణపత్రం) దాఖలు చేసి, వయసు మళ్లిన సాక్షిని ముందుగా బోనెక్కించడం.